‘నెఫ్రోస్’ అను మాట కథ

మన పల్లెలలో ఒక ఆచారము కలదు. పట్టణపు ఆస్పత్రినుండి తెచ్చిన కాగితము అర్థము కానిచో, దానిని మొదట బడిపంతులుగారి యొద్దకే తీసికొని వత్తురు. “ఇందులో ఏమి వ్రాసినారో కొంచెము చూచి చెప్పండి, పంతులుగారూ” అని అరుగుపై కూర్చుందురు. పంతులుగారు కళ్ళజోడు సవరించుకొని కాగితము విప్పుదురు. అందులో ‘నెఫ్రైటిస్’ అని యుండును. ‘క్రియాటినిన్’ అని ఒక అంకె యుండును. క్రింద ‘డయాలిసిస్’ అని యుండును. అక్షరములు చదువుట కష్టము కాదు. ఆ అక్షరముల వెనుక నున్న అర్థమే చేతికి చిక్కదు. ఎదుట కూర్చున్నవాడు మాత్రము పంతులుగారి ముఖమువంకనే చూచుచుండును.

కావ్యములలో ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూడు విధములు చెప్పుదురు. వైద్యశాస్త్రపు మాటలు నిస్సందేహముగా నారికేళపాకములు. పై పీచు ఒలిచి, చిప్ప పగులగొట్టినగాని లోపలి కొబ్బరి దొరకదు. అయితే ఆ చిప్ప పగులగొట్టుట మనము అనుకొనునంత కష్టమైన పని కాదు. వందలకొలది మాటలను కంఠస్థము చేయ నక్కరలేదు. పది పన్నెండు ధాతువులు తెలిసినచో చాలును. అందులో అధిక భాగము గ్రీకు భాషనుండి వచ్చినవి. మన పూర్వులు యవనులని పిలిచిన ఆ గ్రీకు ప్రజలు తమ ఇంటిలోని తొట్టిని, పొలములోని రాతిని, ఆకాశమునుండి పడు వానను చూచి పెట్టుకొన్న పేర్లే అవి. మూత్రపిండమునకు సంబంధించిన మాటలను దృష్టాంతముగా గైకొని ఆ సంగతి విచారింతము.

రెండు భాషలు, ఒక అవయవము

మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల, నడుమునకు కొంచెము పైభాగమున, వీపువైపు ఒదిగి యుండును. పెద్దవారిలో ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు గలిగి యుండును. ఈ అవయవమును గ్రీకులు ‘నెఫ్రోస్’ అనిరి. రోమనులు తమ లాటినులో ‘రేన్’ అనిరి. నేటి వైద్యులు ఈ రెండింటిని విడిచిపెట్టలేదు. మూత్రపిండమునకు నెత్తురు తెచ్చు ధమనిని చెప్పవలసివచ్చినపుడు లాటిను మాటను ఆశ్రయించి ‘రీనల్’ ధమని అందురు. రోగమును గాని, చికిత్సను గాని చెప్పవలసివచ్చినపుడు గ్రీకు మాటను ఆశ్రయించి నెఫ్రైటిస్, నెఫ్రెక్టమీ అందురు. ఈ నియమమునకు అపవాదములు లేకపోలేదు గాని, మొత్తముమీద అవయవపు పేరు లాటినుది, రోగపు పేరు గ్రీకుది.

దీనికి కారణము చరిత్రలో నున్నది. రోము నగరము గ్రీసు దేశమును జయించినది. కాని ఆ రోము నగరములో ప్రసిద్ధికెక్కిన వైద్యులలో పెక్కురు గ్రీకులే. కనుక రోగము గ్రీకు పేరుతోనే నిలిచిపోయినది. ఇందులో మనకు వింత యేమియు లేదు. మనము ‘కన్ను నొప్పి’ అందుము గాని, ఆ కన్ను చూపించుకొనుటకు ‘నేత్రవైద్యుని’ యొద్దకు పోవుదుము. ‘గుండె దడ’ తెలుగు, ‘హృద్రోగము’ సంస్కృతము. ఇంటి మాట ఒకటి, శాస్త్రపు మాట ఒకటి.

‘నెఫ్రోస్’ ఒంటరి మాట కాదు. ఇటలీలోనే, రోమునకు సమీపమున నున్న ప్రేనెస్తె పట్టణమువారు మూత్రపిండములను ‘నెఫ్రోనేస్’ అనెడివారని ప్రాచీన లాటిను నిఘంటుకర్త ఫెస్తుస్ వ్రాసినాడు. జర్మనులు నేటికిని ‘నీరె’ అందురు. ఇవన్నియు ఒకే కుటుంబపు బిడ్డలు. ఇచట విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరము. ‘నీరె’ అని వినగానే మన ‘నీరు’ జ్ఞప్తికి వచ్చును. మూత్రపిండమునకు నీటితో సంబంధ మున్నది కనుక రెండును ఒకటే యని సంబరపడుట సహజము. కాని అది కేవలము ధ్వనిలోని పోలిక. జర్మను మాట ‘నెఫ్రోస్’ కుటుంబములోనిది. మన నీరు ద్రావిడ కుటుంబములోనిది. ధ్వని కలసినంత మాత్రమున చుట్టరికము కలియదు.

నిజమైన చుట్టరికము ఒక్కొక్కప్పుడు ధ్వనిలో కనబడకుండ దాగి యుండును. సంస్కృతములో మూత్రపిండమునకు ‘వృక్కము’ అని పేరు. ప్రాచీన పారశీకమతగ్రంథమైన అవెస్తాలో దీనికి సోదరపదము కలదు. అదే క్రమముగా మారి పారశీక భాషలో ‘గుర్దా’ అయినది, ఉర్దూలోనికి వచ్చినది, హైదరాబాదు మాంసపు దుకాణములలో నేటికిని ఆ పేరే వినబడును. వృక్కము, గుర్దా తోబుట్టువులని చెవికి తోచదు. భాషాశాస్త్రము చెప్పిన మీదటగాని నమ్మలేము.

మన ఆయుర్వేదములో మరియొక విశేష మున్నది. చరకసంహిత వృక్కములను మేదస్సునకు, అనగా కొవ్వునకు మూలస్థానముగా చెప్పినదే గాని, మూత్రమును తయారుచేయు యంత్రములుగా చెప్పలేదు. మూత్రపిండముల చుట్టును దట్టముగా కొవ్వు పొర యుండుట మాంసపు దుకాణములో చూచినవారికెల్ల తెలిసినదే. ‘మూత్రపిండము’ అను మన వాడుకమాట మాత్రము వృక్కమువలె గాక, అవయవము చేయు పనిని పేరులోనే చెప్పుచున్నది. మూత్రమును చేయు ముద్ద: ఇంతకన్న స్పష్టమైన పేరు గ్రీకులకును లేదు, రోమనులకును లేదు.

తోకనుబట్టి రోగము

గ్రీకు మాటలలో మొదటి భాగము అవయవమును చెప్పును. తోక రోగమును చెప్పును. ‘నెఫ్రైటిస్’ అను మాటలోని ‘ఐటిస్’ మొదట ‘దానికి సంబంధించిన’ అను అర్థము గల విశేషణ ప్రత్యయము మాత్రమే. ‘నోసోస్’ అనగా రోగము. గ్రీకులో అది స్త్రీలింగ పదము కనుక విశేషణము కూడ స్త్రీలింగరూపము దాల్చినది. ‘నెఫ్రైటిస్ నోసోస్’ అనగా మూత్రపిండ సంబంధమైన రోగము. కాలక్రమమున ‘నోసోస్’ జారిపోయి విశేషణమే నామవాచకమై కూర్చున్నది. తరువాతి వైద్యులు ఆ తోకకు ‘వాపు, మంట’ అను ప్రత్యేకార్థము కల్పించిరి.

ఈ మాట ఎంత పాతదో చూడుడు. హిప్పోక్రటీసు పేరుతో ప్రచారములో నున్న గ్రీకు వైద్యగ్రంథములలో ఒకదానియందు మూత్రపిండముల వ్యాధులు నాలుగు విధములుగా వర్ణింపబడినవి. ఆ సంపుటములోనే సూత్రముల గ్రంథమున మూత్రముపై బుడగలు నిలుచుట మూత్రపిండముల రోగమునకు, అందును దీర్ఘకాల రోగమునకు గుర్తు అను భావము కలదు. సూక్ష్మదర్శిని లేదు, రసాయనపరీక్ష లేదు. కన్ను ఒక్కటే సాధనము. అయినను ఆ పరిశీలన పొల్లు పోలేదు. మూత్రములో మాంసకృత్తులు పోవుచున్నప్పుడు నురుగు పట్టునని నేటి వైద్యులును చెప్పుదురు.

ఆ పరిశీలనకు పరీక్షరూపము కల్పించినవారిలో ముఖ్యుడు లండనులోని గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. ఆయన వాపుతో వచ్చిన రోగుల మూత్రమును చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై కాచి చూచెను. గ్రుడ్డులోని తెల్లసొన ఉడికినట్లు అది గడ్డకట్టెను. ఆ రోగులు మరణించిన పిమ్మట దేహములను పరీక్షింపగా మూత్రపిండములు చెడియుండెను. 1827 లో ఆయన ఈ సంగతులను ప్రకటించెను. అటుపై చాలకాలము మూత్రపిండ రోగమునకు ‘బ్రైట్ వ్యాధి’ అనియే పేరు. మనిషి పేరు గౌరవమును తెలుపును గాని, రోగము ఎట్టిదో తెలుపదు. అందుచేత వైద్యులు మరల గ్రీకు తోకలవైపే మరలిరి. 1905 లో జర్మను వైద్యుడు ఫ్రీడ్రిష్ ముల్లర్ వాపు లేకుండ మూత్రపిండము క్షీణించు స్థితిని వేరుచేసి చూపుటకు ‘నెఫ్రోసిస్’ అను పేరు పెట్టెను. ‘ఓసిస్’ అనగా స్థితి. ఐటిస్, ఓసిస్ అను రెండు చిన్న తోకల నడుమ ఒక పెద్ద వైద్యచర్చ ఇమిడి యున్నది.

మరికొన్ని తోకలు బడిపిల్లలకు ఇదివరకే పరిచయములు. ‘లిథోస్’ అనగా రాయి. భూగోళ పాఠములోని లిథోస్ఫియర్ లో నున్నది అదే. కావున ‘నెఫ్రోలిథియాసిస్’ అనగా మూత్రపిండములో రాళ్ళు. ‘తోమె’ అనగా కోత. కోయుటకు వీలులేనిది ‘ఆటమ్’. కోసి వెలికి తీయుట ‘ఎక్టమీ’. మూత్రపిండమును కోసి తీసివేయుట ‘నెఫ్రెక్టమీ’. ముందుగా నిశ్చయించుకొని ఈ శస్త్రచికిత్సను జయప్రదముగా చేసిన మొదటివాడు హైడెల్బర్గు నగరపు గుస్తావ్ సైమన్. అది 1869 లో జరిగినది. ఒక్క మూత్రపిండముతో మనిషి జీవింపగలడని లోకమునకు అట్లు రుజువైనది. ‘హైడ్రో’ అనగా నీరు. మూత్రము అడ్డుపడి మూత్రపిండము ఉబ్బుట ‘హైడ్రోనెఫ్రోసిస్’. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఈ ముక్కలను విడదీసి వ్రాసినచో, రసాయనము, భూగోళము, దేహధర్మశాస్త్రము ఒకే పాఠములో కలిసికొనును.

తొట్టి, గిన్నె, దారపు ఉండ

మూత్రపిండమును నిలువుగా కోసి చూచినచో లోపల ఒక గరాటువంటి భాగము కనబడును. అందులో మూత్రము చేరి క్రిందికి జారును. గ్రీకు మాట ‘ప్యెలోస్’ అనగా తొట్టి. పశువులకు మేతపెట్టు తొట్టికిని, స్నానపు తొట్టికిని అదే పేరు. ‘పైలోనెఫ్రైటిస్’ అని ఆస్పత్రి కాగితములో కనబడినపుడు, ఆ తొట్టికిని మూత్రపిండమునకును కలిపి వచ్చిన వాపు అని గ్రహింపవలెను. తొట్టిలోనికి తెరచుకొను చిన్న గిన్నెలకు ‘కేలిక్స్’ అని పేరు. పువ్వు అడుగున నుండు రక్షకపత్రావళికి కూడ వృక్షశాస్త్రములో అదియే పేరు.

తొట్టినుండి మూత్రాశయమునకు పోవు గొట్టము ‘యూరేటర్’. మూత్రాశయమునుండి వెలుపలికి పోవు గొట్టము ‘యురేత్రా’. పరీక్షలలో విద్యార్థులు ఈ రెండింటిని తారుమారు చేయుదురు. యూరేటర్ యొక్క మూలరూపము ‘ఊరేతేర్’. దీని చివర నున్న ‘తేర్’ ప్రత్యయము సంస్కృతములోని కర్తృ, నేతృ, దాతృ శబ్దములలోని ‘తృ’ ప్రత్యయమునకు తోబుట్టువు. నేత నడిపించును, దాత ఇచ్చును, యూరేటర్ మూత్రమును మూత్రాశయమునకు చేర్చును. ఈ ఒక్క సంగతి గుర్తున్నచో తారుమారు కాదు.

ఈ గొట్టముల విషయమున ప్రాచీనులలో గొప్ప వివాదము జరిగినది. మనము త్రాగిన నీరు ఆవిరియై నేరుగా మూత్రాశయమున చేరి మరల నీరగునని అస్క్లెపియాడీసు మతస్థులు వాదించిరి. క్రీ.శ. రెండవ శతాబ్దమున పెర్గమము పట్టణమునందు పుట్టి రోములో ప్రసిద్ధి గాంచిన గేలెన్ ఆ వాదమును మాటలతో గాక ప్రయోగముతో ఖండించెను. బ్రతికియున్న జంతువు యొక్క రెండు గొట్టములను దారముతో బిగించి కట్టెను. కొంతసేపటికి మూత్రాశయము ఖాళీగా నుండెను. కట్టుకు పైభాగమున గొట్టములు నిండి ఉబ్బియుండెను. కట్టు విప్పగానే మూత్రాశయము నిండెను. మూత్రము మూత్రపిండములనుండియే వచ్చునని అట్లు తేలినది.

మూత్రపిండములోని సూక్ష్మభాగములు తెలియుటకు మరి పదునైదు శతాబ్దములు పట్టినది. ఇటలీ దేశీయుడు లోరెంజో బెల్లీని తన పందొమ్మిదవ యేట, 1662 లో, మూత్రపిండము గట్టి ముద్ద కాదనియు సన్నని నాళముల సముదాయమనియు చూపెను. 1666 లో ఆయన దేశీయుడే యైన మాల్పీగీ సూక్ష్మదర్శినితో ఆ నాళముల నడుమ చిన్న చిన్న గుండ్రని బిందువులను చూచెను. 1842 లో ఆంగ్లేయుడు విలియం బౌమన్ ఆ బిందువునకును నాళమునకును గల సంబంధమును తేటపరచెను. ఆ గుండ్రని భాగము సూక్ష్మ రక్తనాళములు చుట్టుకొని యేర్పడిన ఉండ. దానికి ‘గ్లోమెరులస్’ అని లాటిను పేరు. అనగా చిన్న దారపు ఉండ. నేతపని తెలిసినవారికి దీనికన్న చక్కని పోలిక దొరకదు.

ఆ దారపు ఉండ, దానిని అంటియున్న నాళము కలిసి ఒక యూనిట్. 1924 లో జర్మను శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు హెర్మన్ బ్రౌస్ దానికి ‘నెఫ్రాన్’ అని పేరు పెట్టెను. రెండువేల యేండ్ల క్రిందటి ‘నెఫ్రోస్’ అట్లు మరల చిగిర్చినది. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల నెఫ్రాన్లు కలవు. ఇవి దినమునకు ఇంచుమించు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందులో అధిక భాగమును మరల నెత్తురునకు అప్పగించి, ఒకటిన్నర లీటరు మాత్రము వెలుపలికి పంపును.

వాన, మాంసము, తేనె

గ్రీకులో మూత్రమునకు ‘ఊరాన్’ అని పేరు. సంస్కృతములోని ‘వర్షము’ దీనికి దగ్గరి చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ ‘ఊరాన్’ నుండియే ‘యూరియా’ పుట్టినది. మూత్రములో నుండు ఈ పదార్థమును 1828 లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు వోలర్ ప్రయోగశాలలో, ఏ ప్రాణి సహాయము లేకయే, తయారుచేసెను. నేడు యూరియా బస్తా చూడని రైతు లేడు. ఆస్పత్రి కాగితములోని యూరియా, వరిచేనిలో చల్లు యూరియా ఒకే పదార్థము. ఈ సంగతి చెప్పినపుడు పిల్లలు మొదట నవ్వుదురు. కాని తరువాత మరువరు.

కాగితములో పెద్ద అక్షరములతో కనబడునది ‘క్రియాటినిన్’. గ్రీకులో ‘క్రెయాస్’ అనగా మాంసము. సంస్కృతములో పచ్చిమాంసమునకు ‘క్రవ్యము’ అని పేరు. దానిని తినువాడు కనుక రాక్షసుడు ‘క్రవ్యాదుడు’. క్రెయాస్, క్రవ్యము ఒకే మూలమునుండి వచ్చినవి. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1832 లో మాంసమునుండి తీసిన పదార్థము క్రియాటిన్. దానినుండి పుట్టునది క్రియాటినిన్. మన కండరములలో అది నిత్యము పుట్టుచుండును. మూత్రపిండములు దానిని నిత్యము వెలుపలికి పంపుచుండును. అవి నీరసించినపుడు నెత్తురులో ఆ అంకె పెరుగును. కనుక ఆ అంకె విషముయొక్క కొలత కాదు. వడగట్టువాని ఓపికకు కొలత. పంతులుగారు ఈ మాట చెప్పగలిగినచో అరుగుపై కూర్చున్నవానికి సగము భయము తీరును. మిగిలిన సగము అతనిని సకాలమున వైద్యుని యొద్దకు పంపును.

మూత్రపిండములు చెడుటకు నేడు లోకమంతటను ముఖ్యకారణము మధుమేహము. గ్రీకులు దీనిని ‘డయాబెటిస్’ అనిరి, అనగా ‘దాటిపోవునది’. త్రాగిన నీరు దేహములో నిలువక గొట్టములో పడి పోవునట్లు పోవుటనుబట్టి ఆ పేరు. తరువాత దానికి తేనెను తెలుపు ‘మెల్లిటస్’ చేరినది. మన ‘మధుమేహము’లోని మధువు కూడ తేనెయే, మేహము మూత్రవిసర్జనము. ఈ ‘మిహ్’ ధాతువునకు గ్రీకులోను, లాటినులోను సోదరపదములు కలవు. రెండు దేశములవారు ఒకే రోగమును చూచి, ఒకే తీపిని గుర్తించి, వేరువేరుగ ఒకే విధమైన పేరు పెట్టిరి.

పేరు త్రోవ తప్పినచోట్లు

ధాతువు తెలియుట ఎంత మేలో, దానిని గ్రుడ్డిగా నమ్ముట అంత ప్రమాదము. మూత్రపిండపు శిరస్సుపై టోపీవలె ఒక చిన్న గ్రంథి యుండును. లాటినులో ‘అడ్’ అనగా చేరువ. దానిని ‘రేన్’తో చేర్చగా ‘అడ్రినల్’ అయినది. గ్రీకులో ‘ఎపి’ అనగా పైన. దానిని ‘నెఫ్రోస్’తో చేర్చగా ‘ఎపినెఫ్రిన్’ అయినది. ఆ గ్రంథి స్రవించు రసమునకు అమెరికాలో జాన్ ఏబెల్ 1897 లో ఎపినెఫ్రిన్ అని పేరు పెట్టెను. జపాను దేశీయుడు తకమీనె దానిని స్ఫటికరూపమున సాధించి 1901 లో అడ్రినలిన్ అని ప్రకటించెను. అడ్రినలిన్ అమెరికాలో ఒక వ్యాపార సంస్థకు చెందిన పేరగుటచే అక్కడివారు ఎపినెఫ్రిన్ అనియే నిలిపికొనిరి. ఇంగ్లాండులోను మన దేశములోను అడ్రినలిన్ స్థిరపడినది. ప్రాణాపాయ సమయమున వాడు ఒకే మందునకు రెండు పేర్లు! రెండు పేర్లకు అర్థము ఒక్కటే యని తెలిసిన నర్సు తడబడదు.

మరియొకటి. 1883 లో గ్రావిట్స్ అను జర్మను వైద్యుడు మూత్రపిండములో పుట్టు ఒక కంతి, పైనున్న అడ్రినల్ గ్రంథి ముక్కలనుండి పుట్టునని తలంచెను. ఆ భావమునుబట్టి దానికి ‘హైపర్నెఫ్రోమా’ అను పేరు వ్యాపించినది. ఆ కంతి మూత్రపిండపు నాళములనుండియే పుట్టునని తరువాత తేలినది. భావము పోయినను పేరు మాత్రము చాలకాలము పోలేదు. పేరు సత్యమునకు సాక్షి కాదు. ఆ పేరు పెట్టిననాటి నమ్మకమునకు సాక్షి.

నమ్మకములు రాళ్ళకు కూడ పేర్లు పెట్టినవి. పదునారవ శతాబ్దమున స్పెయిను దేశీయులు అమెరికాఖండమునుండి ఒక పచ్చరాయి తెచ్చిరి. దానిని నడుమునకు తగిలించుకొన్నచో మూత్రపిండముల నొప్పి పోవునని నమ్మిరి. ‘ప్రక్కటెముకల క్రింది రాయి’ అను స్పానిషు మాటనుండి ‘జేడ్’ వచ్చినది. దాని లాటిను పేరునుండి ‘నెఫ్రైట్’ వచ్చినది. నొప్పి పోయినదో లేదో గాని, ఖనిజశాస్త్రములో ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

విప్పుట

‘లిసిస్’ అనగా విప్పుట, సడలించుట. అనాలిసిస్ లోను, ఎలక్ట్రోలిసిస్ లోను, పరాలిసిస్ లోను ఉన్నది ఇదే. ‘డయా’ చేర్చగా ‘డయాలిసిస్’, అనగా వేరుపడునట్లు విప్పుట. 1861 లో స్కాట్లాండు దేశీయుడైన రసాయనశాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం, సన్నని పొర ద్వారమున ద్రవములోని పదార్థములను వేరుచేయు విధానమునకు ఈ పేరు వాడెను. అప్పటికి రోగుల ప్రసక్తియే లేదు.

ఎనుబది యేండ్ల పిమ్మట హాలెండు జర్మనుల ఆక్రమణలో నుండగా, కాంపెన్ అను చిన్న పట్టణములో విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు 1943 లో ఒక యంత్రము నిర్మించెను. మాంసపు సాసేజీల తొడుగుగా వాడు సెలొఫేన్ గొట్టమును కొయ్యపీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో త్రిప్పుచు, రోగి నెత్తురును ఆ గొట్టముగుండ నడిపెను. మొదటి రోగులు దాదాపు అందరును మరణించిరి. ఆయన విడువలేదు. 1945 లో ఒక వృద్ధురాలు స్పృహలోనికి వచ్చి బ్రతికినది. ‘డయాలిసిస్’ అని కాగితముపై చూచినపుడు మరణశాసనముగా భావించువారు మన పల్లెలలో పెక్కురు కలరు. ఆ మాటకు అర్థము ‘విప్పుట’ యని, మూత్రపిండము విప్పలేని ముడిని యంత్రము విప్పుచున్నదని వారికి చెప్పవలసియున్నది.

ఉద్దానపు ప్రశ్న

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతమును ‘ఉద్దానము’ అందురు. ఉద్యానమే ఉద్దానమైనదని చెప్పుదురు. కొబ్బరితోటలు, జీడితోటలు, సముద్రపు గాలి; చూచుటకు నిజముగా ఉద్యానమే. అయితే 1990ల నాటినుండి అక్కడి కుటుంబములను మూత్రపిండ వ్యాధి పీడించుచున్నది. వారిలో పెక్కురకు మధుమేహము లేదు, రక్తపుపోటు ముందుగా లేదు. పొలములోను తోటలలోను కాయకష్టము చేయువారే అధికముగా దీని వాతబడినారు. త్రాగునీరు, నేల, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి నీరు చాలక దేహము ఎండుట, నొప్పిమాత్రలు, వంశలక్షణము: పరిశోధకులు అన్నింటిని పరీక్షించుచున్నారు. ఇదే కారణమని ఇంకను నిర్ధారణ కాలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికాలోను ఇట్టి వ్యాధియే వ్యవసాయపు కూలీలను పట్టినది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనకును చికిత్సకును 200 పడకల ఆస్పత్రి ప్రారంభమైనది.

వైద్యశాస్త్రము ఈ వ్యాధికి పెట్టిన పేరు ‘ఉద్దానం నెఫ్రోపతి’. నెఫ్రైటిస్ అనలేదు, నెఫ్రోసిస్ అనలేదు. ‘పాథోస్’ అనగా అనుభవించినది, బాధ. వాపు వలన అని గాని, క్షీణత వలన అని గాని ఈ తోక చెప్పదు. ‘మూత్రపిండములో బాధ యున్నది’ అని మాత్రము చెప్పి ఊరకుండును. అందుచేత ఇది సమాధానము కాదు, ప్రశ్న. తెలియనిదానిని తెలియదని నిజాయితీగా ఒప్పుకొన్న పేరు. ఒక తెలుగు ఊరి పేరు, ఒక గ్రీకు మాట ప్రక్కప్రక్కన నిలిచి ఆ ప్రశ్నను ప్రపంచము ముందుంచినవి.

2019 లో మూత్రపిండవ్యాధుల వైద్యమునకు మార్గదర్శకములు కూర్చు అంతర్జాతీయ సంస్థ ‘కేడిగో’ ఒక సమావేశము జరిపి, ఇంగ్లీషులో వ్రాయునపుడు ‘రీనల్’, ‘నెఫ్రో’ అను మాటల స్థానమున వీలైనంతవరకు సామాన్యులకు తెలిసిన ‘కిడ్నీ’ అను మాటనే వాడవలసినదని సలహా చెప్పినది. రోగికి తన రోగము పేరు అర్థము కావలెనన్నదే వారి ఉద్దేశము. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికే ఈ అవసరము కలిగినపుడు, మన రైతుకూలీ సంగతి వేరుగ చెప్పనేల?

గ్రీకు మాటలు మనకు శత్రువులు కావు. శాస్త్రమునకు అవి అవసరము. విద్యార్థి వాటిని నేర్వవలసినదే. కాని నేర్చినవాడు తొట్టిని తొట్టియని, రాయిని రాయియని, బాధను బాధయని తెలుగులో చెప్పగలిగినపుడే ఆ చదువు సార్థకము. ఉద్దానపు తోటలలోని పిల్లవానికి కొబ్బరికాయ కొట్టుట ఎవరును నేర్పనక్కరలేదు. తన తండ్రి చేతిలోని కాగితమును విప్పి చదువుట మాత్రము బడిలోనే నేర్పవలెను.